అమ్మ పేరున ఓ అడవి... అందులో సైకిల్ బాట!

ఉదయం ఏడున్నర. కొండ అవతల ఎండ వచ్చి చాలాసేపయింది. ఈ లోయలోకి మాత్రం ఇంకా దిగలేదు. తలెత్తి చూస్తే చెట్ల చివర్లు కనిపించవు. పొగమంచులో కలిసిపోయి ఉంటాయి. వాన లేదు. అయినా నేలమీద టప్ టప్‌మంటూ చినుకులు... ఆకులకు పట్టిన పొగమంచు చుక్కలై రాలుతోందన్నమాట. బాట పక్కన, బాగా కిందుగా వాగు పారుతున్న సవ్వడి. ఇంతలో వెనకనుంచి 'టింగ్ టింగ్' అని సైకిల్ గంట. ముందు నడుస్తున్న పెద్దవాళ్లిద్దరూ పక్కకు జరుగుతారు. సైకిలతను వేగం తగ్గించి, పలకరింపుగా ఓ నవ్వు నవ్వి ముందుకెళ్లిపోతాడు. కంకరమీద టైర్ల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోతుంది. మళ్లీ చినుకుల చప్పుడే.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాంటా క్రూజ్ కొండల్లో ఉందీ అడవి. పేరు 'ద ఫారెస్ట్ ఆఫ్ నిసీన్ మార్క్స్'. పదివేల ఎకరాలకు పైగా విస్తరించిన ప్రభుత్వ పార్కు ఇది. నిసీన్ మార్క్స్ అన్నది ఏ గవర్నరు పేరో, సైనికాధికారి పేరో కాదు. ఒక రైతు కుటుంబంలోని అమ్మ పేరు!

సిలికాన్ వ్యాలీ నుంచి ఇక్కడికి కారులో గంట, గంటన్నర ప్రయాణం. ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉంటున్న పిల్లల దగ్గరికి మన ఊళ్లనుంచి వెళ్లే అమ్మానాన్నలు చాలామంది శాంటా క్రూజ్ దాకా వెళ్తారు. బీచ్ చూస్తారు, ఒడ్డునున్న ఎగ్జిబిషన్‌లో మనవలతో రంగులరాట్నం ఎక్కుతారు, సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. అక్కణ్నుంచి ఓ పావుగంట ముందుకెళ్తే ఆప్టోస్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి వెనకే ఈ అడవి. సముద్రమట్టానికి కాస్త ఎత్తున మొదలై 2,600 అడుగుల దాకా ఎగబాకుతుంది. ఆ ఎత్తుకు చేర్చే మట్టిబాట ఇప్పుడు గ్రావెల్ సైకిలిస్టులకు ఇష్టమైన దారుల్లో ఒకటి.

ఎర్రచందనం కాదు... రెడ్‌వుడ్!

రెడ్‌వుడ్ అనగానే మనకు శేషాచలం కొండల్లోని ఎర్రచందనం గుర్తొస్తుంది. రెండింటికీ రంగులో పోలికే తప్ప చుట్టరికం లేదు. ఎర్రచందనం చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు, తూర్పు కనుమల దక్షిణ కొసన తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. కోస్ట్ రెడ్‌వుడ్ సూదుల్లాంటి ఆకులున్న శంఖాకారపు చెట్టు. అది కూడా సహజంగా కాలిఫోర్నియా తీరం వెంబడి, ఆరెగాన్ రాష్ట్రపు అంచున మాత్రమే పెరుగుతుంది. సహజంగా తన నేలకే పరిమితమైన తత్వం ఒక్కటే రెండింటికీ కలిసింది.

ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన చెట్టు ఈ జాతిదే. ఉత్తర కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ నేషనల్ పార్కులో ఉన్న ఆ చెట్టుకు 'హైపీరియన్' అని పేరు పెట్టారు. 2006లో కొలిస్తే 379 అడుగులు తేలింది. అంటే చార్మినార్‌మీద చార్మినార్ పెట్టినా దాని చివరకు అందదు. రెండువేల ఏళ్లకు పైగా బతికిన రెడ్‌వుడ్‌లూ ఉన్నాయి. ఇంత పెద్ద చెట్టుకు కాసే కాయ ఎంతుంటుందో తెలుసా... ఉసిరికాయంత! తల్లివేరు లోతుకు దిగదు. వేళ్లన్నీ పైపైనే పక్కలకు పాకి, పక్క చెట్టు వేళ్లతో అల్లుకుపోతాయి. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడటమే వాటి బలం.

ఇంకో విచిత్రం ఉంది. అరటిచెట్టు కొట్టేస్తే దాని మొదలు చుట్టూ పిలకలు లేస్తాయి కదా, రెడ్‌వుడ్ కూడా అంతే. నరికిన మోడు చుట్టూ కొత్త చెట్లు వలయంగా పుట్టుకొస్తాయి. కొన్నాళ్లకు మధ్యలో మోడు చివికిపోతుంది. చుట్టూ పిల్లలు మాత్రం చేతులు పట్టుకుని నిలబడ్డట్టు ఆకాశంలోకి పెరుగుతాయి. నిసీన్ మార్క్స్ అడవిలో అడుగడుగునా కనిపించేవి ఈ వలయాలే. ఎందుకంటే ఇక్కడ ఒకప్పుడు తల్లిచెట్లను దాదాపుగా మిగల్చకుండా నరికేశారు.

గొడ్డలి మిగిల్చిన కథ

ఆప్టోస్ అన్న పేరు ఈ ప్రాంతపు తొలి నివాసులైన ఓలోనీ జాతివారిది. వాళ్లు వేల ఏళ్లు తీరంలో చేపలు పట్టుకుంటూ, కొండల్లో ఓక్ గింజలు ఏరుకుంటూ బతికారు. రెడ్‌వుడ్ చెట్లు వాళ్లను చూశాయి, వాళ్లు రెడ్‌వుడ్‌లను చూశారు. అంతకుమించి ఒకరి జోలికి ఒకరు పెద్దగా పోలేదు.

1849 బంగారు వేటతో అంతా మారిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో రాత్రికి రాత్రి నగరమైంది. ఇళ్లకు, ఓడరేవుకు, రైలు స్లీపర్లకు... దేనికి చూసినా కలపే కావాలి. రెడ్‌వుడ్ త్వరగా పుచ్చదు, చెదపురుగు దాన్ని అంతగా ముట్టదు. ఇంకేం! తీరం పొడవునా కొండలు బోడులయ్యాయి. ఆప్టోస్ లోయ ఇరుకు కావడంతో కొన్నాళ్లు గొడ్డలికి అందలేదు. 1883లో లోమా ప్రియెటా లంబర్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టాక ఆ అదృష్టమూ తీరిపోయింది. లోయలోకి రైలు మార్గం వేశారు. దాన్ని వేసిన కూలీల్లో చైనీయులే ఎక్కువమంది. ఎద్దుల జట్లు, ఆవిరి యంత్రాలు, నిటారు కొండమీద నుంచి దుంగలను దించే వాలు పట్టాలు... నలభై ఏళ్లపాటు అడవిలో అదే సంత. మిల్లు చుట్టూ ఏకంగా ఓ ఊరే వెలిసింది. 1920ల మొదట్లో కంపెనీ వెళ్లిపోయేనాటికి కొట్టడానికి విలువైన చెట్టన్నది లేదు. ఊరూ ఖాళీ అయింది.

ఆ రోజుల ఆనవాళ్లు సైకిల్ తొక్కుతూనే చూడొచ్చు. బాట పక్క పాత మోళ్లను గమనించండి. మనిషెత్తున రెండు గాట్లు, అచ్చం కళ్లలా ఉంటాయి. రెడ్‌వుడ్ మొదలు బాగా లావు. అంత లావు కొయ్యలేక, గాట్లు పెట్టి వాటిలో చెక్కలు దోపి, ఆ చెక్కలమీద ఇద్దరు మనుషులు నిలబడి చెరోవైపునుంచి రంపం లాగేవారు. ఆ మోడు ఇప్పటికీ ఆ రెండు కళ్లతో వచ్చేపోయేవాళ్లను చూస్తున్నట్టే ఉంటుంది.

చమురు కోసం కొంటే...

నరికేసిన కొండలెవరికి కావాలి? 1950ల్లో సాలినాస్ లోయకు చెందిన ఓ రైతు కుటుంబం వీటిని కొంది. అడవిమీద ప్రేమతో కాదు. కింద చమురు ఉంటుందన్న ఆశతో! తవ్వి చూశారు. చమురు పడలేదు. అప్పుడా అన్నదమ్ములూ అక్కచెల్లెలూ ఆ నేలను ముక్కలుచేసి అమ్ముకోవచ్చు. సముద్రం పక్కన, శాన్‌హోసేకు కూతవేటు దూరంలో ఉన్న నేల. ఆ తర్వాత అక్కడ భూముల ధరలెక్కడికి పోయాయో తెలిసిందే.

వాళ్లు అమ్మలేదు. వాళ్లమ్మ నిసీన్ డెన్మార్క్ నుంచి వలసవచ్చిన మనిషి. చెట్టూపుట్టా అంటే ప్రాణమట. ఆమె గుర్తుగా 1963లో దాదాపు 9,700 ఎకరాలను 'నేచర్ కన్సర్వెన్సీ' సంస్థ సాయంతో కాలిఫోర్నియా ప్రభుత్వానికి ఇచ్చేశారు. ఇస్తూ ఓ షరతు పెట్టారు. దీన్నెప్పుడూ 'అభివృద్ధి' చేయకూడదు, ప్రకృతికే వదిలేయాలి! కొండమీద హోటలు, తీగమార్గం, తారురోడ్డు... ఇవేమీ ఇక్కడ లేకపోవడానికి కారణం దస్తావేజులోని ఆ షరతే.

అరవైయేళ్లు గడిచాయి. నరికివేత మొదలై నూటనలభై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఆ లోయలోకి అడుగుపెట్టినవాళ్లకు ఒకప్పుడిది బోడికొండ అంటే నమ్మబుద్ధికాదు. అయితే రెడ్‌వుడ్ లెక్కలో నూరేళ్ల చెట్టంటే పసిపిల్లే. ఇది నిజమైన ముసలి అడవి కావాలంటే ఇంకా కొన్ని వందల ఏళ్లు ఎవరూ దాని జోలికి వెళ్లకూడదు. అంత ఓపిక మనుషులకుందా అన్నదే ప్రశ్న.

ఇంతకీ గ్రావెల్ బైక్ అంటే?

మన పల్లెల్లో గ్రావెల్ రోడ్డంటే ఎర్రమట్టి పరిచిన రోడ్డు. అలాంటి మట్టి, కంకర దారులకోసమే తయారైన సైకిల్ గ్రావెల్ బైక్. చూడ్డానికి పందేల సైకిల్‌లాగే కిందికి వంగిన హ్యాండిల్ ఉంటుంది. టైర్లు మాత్రం లావు. సుమారు 40 మిల్లీమీటర్లు, ఆపైన. గాలి గట్టిగా కొట్టరు. కాస్త మెత్తగా ఉంటేనే రాళ్లమీద పట్టు దొరుకుతుంది, ఒళ్లు హూనం కాదు. కొండెక్కడానికి బాగా తేలికైన గేర్లు, వానలోనూ పట్టుతప్పని డిస్క్ బ్రేకులు అదనం. తారురోడ్డుమీద వేగంగా పోవాలి, తారు అయిపోయినచోట ఆగిపోకూడదు... ఇదీ దాని సిద్ధాంతం.

ఒక రకంగా ఇది పాత కథే. 1970ల్లో ఇదే కాలిఫోర్నియాలో, గోల్డెన్‌గేట్ వంతెనకు అవతలి మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత బెలూన్ టైర్ల సైకిళ్లను బాగుచేసుకుని కొండ దారుల్లో పందేలు పెట్టుకున్నారు. 1976 అక్టోబరు 21న మొదలైన ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. కొండ దిగేసరికి వెనకచక్రం బ్రేకులో గ్రీజు కాలి పొగలొచ్చేది. మళ్లీ గ్రీజు నింపాల్సిందే. అందుకే ఆ పేరు! మౌంటెన్ బైక్ పుట్టింది అక్కడే. ఆ తర్వాత 2006లో కాన్సస్ రాష్ట్రంలోని కంకర రోడ్లమీద మొదలైన 320 కిలోమీటర్ల పందెం గ్రావెల్ సైక్లింగ్‌కు ఊపు తెచ్చింది. 2022లో ఇటలీలో ఏకంగా ప్రపంచ ఛాంపియన్‌షిప్పే జరిగింది.

పందేల సంగతి అలా ఉంచితే, గ్రావెల్ బైక్ అసలు ఆకర్షణ వేరు. కార్లు లేని దారి. హారన్లు లేని దారి. నాన్న సైకిల్‌మీద సీటు అందక, బారు కిందనుంచి కాలు పెట్టి చెరువుకట్టమీద తొక్కుకుంటూ పోయిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ సుఖం వేరే చెప్పనక్కర్లేదు.

పట్టాల దారిలో పెడల్

నిసీన్ మార్క్స్‌లో సైకిళ్లకు వెన్నెముకలాంటి దారి 'ఆప్టోస్ క్రీక్ ఫైర్ రోడ్'. అడవికి నిప్పంటుకుంటే ఫైరింజన్లు వెళ్లడానికి ఉంచిన మట్టిరోడ్డన్నమాట. ఆప్టోస్ ఊళ్లోంచి బయల్దేరితే మొదటి కొన్ని కిలోమీటర్లు ఎక్కుతున్నట్టే అనిపించదు. కారణం... అది ఒకప్పటి రైలు మార్గం! దుంగల రైలు ఎక్కగలిగిందంటే వాలు ఎంత తక్కువగా ఉండాలో ఊహించుకోవచ్చు. చెట్లను మోసుకుపోవడానికి వేసిన దారే ఇప్పుడు చెట్లను చూడ్డానికి పనికొస్తోంది.

కింది భాగం పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి అనువైనది. వాగు పక్కనే బాట. బాటకు రెండువైపులా మోకాలెత్తు ఫెర్న్ మొక్కలు. నేలంతా మూడేసి ఆకుల చిన్నచిన్న మొక్కలు తివాచీలా పరుచుకుని ఉంటాయి. చూడగానే 'అరె, మన పులిచింతాకులా ఉందే' అనిపిస్తుంది. నిజమే. రెడ్‌వుడ్ సారెల్ అనే ఆ మొక్క పులిచింత జాతిదే. ఎండ నేరుగా తగిలితే ఆకులు ముడుచుకుంటుంది. తడినేలమీద వేలెడంత పొడవున, పండిన అరటిపండు రంగులో నత్తలాంటి జీవి పాకుతూ కనిపిస్తే కంగారు పడకండి. అది బనానా స్లగ్. గుల్లలేని నత్త. శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు సింహాన్నీ పులినీ కాదని దాన్నే తమ చిహ్నంగా ఎన్నుకున్నారు!

పోర్టర్ పిక్నిక్ ప్రదేశం దాటాక పాత మిల్లు ఉన్నచోటు వస్తుంది. ఊరు లేదు, మిల్లు లేదు. చెట్లే. ఆ తర్వాత దారి గుణం మారుతుంది. వాగును దాటి కొండను చుట్టుకుంటూ, మలుపుమీద మలుపుగా పైకి లేస్తుంది. మాటలు ఆగిపోతాయి. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే... మొదటి మలుపులోనే బలమంతా ఖర్చుపెట్టేస్తారు. అలవాటైనవాళ్లు చిన్న గేరులో, కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా తొక్కుతారు. పోర్టర్ దగ్గర్నుంచి పది కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా 'శాండ్ పాయింట్' వస్తుంది. అక్కడ చెట్లు ఒక్కసారిగా పక్కకు తప్పుకుంటాయి. కింద పచ్చటి లోయ, దూరంగా శాంటా క్రూజ్, ఆపైన మాంటెరే అఖాతం. పొగమంచు దిగిన రోజైతే సముద్రమూ ఊరూ కనిపించవు. తెల్లటి దూదిపరుపు ఒక్కటే ఉంటుంది. దాన్ని చూసేందుకే ఉదయాన్నే ఎక్కేవాళ్లు చాలామంది.

ఎక్కువమంది అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతారు. గట్టివాళ్లు మాత్రం శిఖరం వెంబడి ఇంకా పైకి వెళ్లి, బజార్డ్ లగూన్ రోడ్డు పట్టుకుని అవతలి వైపు యురేకా కాన్యన్ మీదుగా కొర్రలిటోస్ అనే పల్లెకు దిగుతారు. అక్కడి మాంసం దుకాణం సాసేజ్ శాండ్‌విచ్‌లకు పేరుపొందింది. కడుపు నింపుకుని, ఆపిల్ తోటల మధ్యగా మళ్లీ ఆప్టోస్‌కు చేరితే యాభై కిలోమీటర్ల పైచిలుకు చుట్టు పూర్తయినట్టే.

ఆ పదిహేను సెకన్లు

ఎక్కే దారిలోనే ఓచోట చిన్న బోర్డు కనిపిస్తుంది. సైకిల్‌ను అక్కడే ఆపి, కాలిబాటలో కొంతదూరం నడిస్తే వాగొడ్డున మరో బోర్డు. చూడ్డానికి అక్కడేమీ ఉండదు. కానీ 1989 అక్టోబరు 17 సాయంత్రం 5 గంటల 4 నిమిషాలకు భూమి కదిలింది ఈ అడవి కిందే. లోమా ప్రియెటా భూకంపానికి కేంద్రం ఇదే. తీవ్రత 6.9. కదిలింది పదిహేను సెకన్లపాటు. చనిపోయినవారు 63 మంది. వారిలో 42 మంది ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలోని ఓక్లాండ్‌లో రెండంతస్తుల రహదారి కూలి దానికింద నలిగిపోయినవాళ్లే. బే బ్రిడ్జిలో ఓ భాగం ఊడిపడింది. శాంటా క్రూజ్ బజారు నేలమట్టమైంది. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆట చూద్దామని టీవీల ముందు కూర్చున్న అమెరికా అంతా తెరమీదే ఆ కుదుపు చూసింది.

అడవి మాత్రం కొమ్మలు దులుపుకుని మళ్లీ నిలబడింది. ఒడ్డులు విరిగి వాగులో పడ్డాయి, కొన్ని చెట్లు కూలాయి. వాటిమీద మళ్లీ ఫెర్న్‌లు మొలిచాయి. ఇవాళ తెలియనివాళ్లు ఆ చోటును దాటుకునే వెళ్లిపోతారు.

పవిత్రమైన వాగు

నిసీన్ మార్క్స్‌కు ఉత్తరాన, హాఫ్ మూన్ బే ఊరి పైనున్న కొండల్లో 'పురిసిమా క్రీక్ రెడ్‌వుడ్స్' అనే మరో అభయారణ్యం ఉంది. పురిసిమా అంటే స్పానిష్‌లో 'అతి పవిత్రం' అని. ఇదీ ఒకప్పుడు రంపాలకు బలైన లోయే. కొనడానికి 'సేవ్ ద రెడ్‌వుడ్స్ లీగ్' ఇరవై లక్షల డాలర్లిచ్చింది. చూసుకునేది మిడ్‌పెనిన్సులా ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్. ఆ సంస్థ పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. సిలికాన్ వ్యాలీ కట్టడాలు కొండలను మింగేస్తాయేమోనని భయపడిన స్థానికులు 1972లో ఓట్లేసి మరీ దాన్ని ఏర్పాటుచేసుకున్నారు. ఇప్పుడు దాని చేతిలో 70 వేల ఎకరాలకు పైగా పచ్చదనం ఉంది.

ఇక్కడ దారి నిసీన్ మార్క్స్‌కు తలకిందులు. కారు పెట్టేది కొండమీద, స్కైలైన్ రోడ్డు పక్కన. అంటే ముందు దిగడం, తర్వాత ఎక్కడం! హార్కిన్స్ రిడ్జ్ బాటలో దాదాపు 1,600 అడుగులు కిందికి జారాలి. కొన్నిచోట్ల నిటారుగా, గులకరాళ్లతో గుండె గొంతులోకి వస్తుంది. అడుగున వంతెన దగ్గర వాగును కలుసుకుని, పురిసిమా క్రీక్ బాటలో ఆరేడు కిలోమీటర్లు ఎక్కితే మళ్లీ స్కైలైన్ రోడ్డు. మొదట్లో చల్లగా, హాయిగా సాగే ఆ బాట చివర్లో పరీక్ష పెడుతుంది. దిగేటప్పుడు నవ్విన ముఖాలు ఎక్కేటప్పుడు ఎలా ఉంటాయో చూడాలంటే అక్కడే చూడాలి.

బాట ఎవరిది?

అడవి నిశ్శబ్దంగా కనిపిస్తుంది కానీ ఈ బాటలమీద ఉన్నన్ని వాదనలు ఇంకెక్కడా లేవు. నడిచేవాళ్లు అంటారు... 'మేం ప్రశాంతత కోసం వస్తాం. మలుపులో దూసుకొచ్చే సైకిల్‌ను చూసి గుండె ఆగినంత పనవుతుంది' అని. సైకిలిస్టులు అంటారు... 'మేమూ అడవిని ప్రేమించేవాళ్లమే. బాటల మరమ్మతుకు పారాపలుగూ పట్టుకుని వస్తున్నాం. మాకూ చోటివ్వాలి కదా' అని. నిసీన్ మార్క్స్‌లో అయితే ఆ కుటుంబం పెట్టిన షరతుకు అర్థమేమిటన్నదానిమీద వివాదం కోర్టుదాకా వెళ్లింది. అడవి పైభాగంలో సైకిళ్లు ఫైర్ రోడ్డుకే పరిమితం. సన్నటి కాలిబాటలు నడిచేవాళ్లవే. గుర్రాలకు కింది భాగంలోనే అనుమతి. పురిసిమాలోనూ కొన్ని బాటలు పాదచారులకే. వాన పడ్డాక మెత్తటి నేలమీద చక్రం గాడి చేస్తుందని ఒకటీ అరా బాటల్ని చలికాలంలో సైకిళ్లకు మూసేస్తారు.

ఉన్న బాటలో కూడా వరస ఉంది. సైకిల్ అందరికీ దారివ్వాలి. నడిచేవారికీ గుర్రానికీ ముందు హక్కు. పురిసిమాలో వేగం గంటకు 24 కిలోమీటర్లు మించకూడదు. మనుషుల్ని దాటేటప్పుడు ఎనిమిదికి తగ్గించాలి. హెల్మెట్ తప్పనిసరి. చూసేవారెవరున్నారులే అనుకుంటే రేంజర్లు స్పీడ్‌గన్‌తో ఎదురవ్వొచ్చు. ఇవన్నీ చాదస్తంగా కనిపిస్తాయి. కానీ ఒక్కరు హద్దుమీరితే నిషేధం పడేది అందరికీ. అందుకే ఖరీదైన సైకిళ్లకు కూడా ఐదారు డాలర్ల గంట బిగించుకుంటున్నారు. మన ఊళ్లో పాలవాడి సైకిల్‌కు ఉండేదే!

మంచు తగ్గుతోంది...

అసలు ఆందోళన వేరే ఉంది. కాలిఫోర్నియాలో వేసవంతా వాన పడదు. ఆ నాలుగైదు నెలలూ రెడ్‌వుడ్‌లను బతికించేది సముద్రంమీంచి వచ్చే పొగమంచే. ఆకులతో దాన్ని పట్టుకుని, చుక్కలుగా రాల్చి, తన వేళ్లకు తానే నీళ్లు పోసుకుంటుందా చెట్టు. ఉత్తర కాలిఫోర్నియాలో జరిపి 1998లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రెడ్‌వుడ్ అడవికి ఏడాదిలో అందే నీటిలో దాదాపు మూడోవంతు పొగమంచుదే. బర్క్‌లీ పరిశోధకులు 2010లో చెప్పిన మాట ఇంకొకటుంది. గత శతాబ్దంతో పోలిస్తే తీరంలో పొగమంచు సుమారు మూడోవంతు తగ్గింది.

2020 ఆగస్టులో పొడి పిడుగులు పడి ఇదే శాంటా క్రూజ్ కొండల్లో 86 వేల ఎకరాలు కాలిపోయాయి. 1902లో ఏర్పడిన, కాలిఫోర్నియాలోకెల్లా పాత స్టేట్ పార్కు బిగ్ బేసిన్ దాదాపు మొత్తంగా మంటల్లో చిక్కుకుంది. నిసీన్ మార్క్స్ తప్పించుకుంది. 2023 ఆరంభంలో తుపాన్లమీద తుపాన్లు వచ్చి ఆప్టోస్ తీరాన్నీ ఈ లోయలోని బాటల్నీ దెబ్బతీశాయి. ఒక ఏడాది నిప్పు, ఒక ఏడాది నీళ్లు. అడుగు మందాన బెరడున్న ముసలి రెడ్‌వుడ్ మంటను తట్టుకుంటుంది. బిగ్ బేసిన్‌లో నల్లగా మాడిన మానులకు కొన్ని నెలల్లోనే పచ్చటి చిగుళ్లు వచ్చాయి. మరి నూరేళ్ల పసిచెట్లు? వాటికి కాస్త కాలం కావాలి. ఆ కాలం ఇవ్వడానికే కదా ఓ కుటుంబం కొండల్ని వదులుకుంది.

వెళ్లాలంటే...

శాన్‌హోసే నుంచి హైవే 17 మీదుగా శాంటా క్రూజ్, అక్కణ్నుంచి హైవే 1లో దక్షిణంగా ఆప్టోస్. కారుకు ప్రవేశ రుసుము ఉంటుంది. వానాకాలంలో కార్లను ముందే ఆపేస్తుంటారు. తుపాన్ల తర్వాత బాటలూ మూతపడుతుంటాయి. బయల్దేరే ముందు పార్కువాళ్లను అడిగి వెళ్లడం మంచిది. ఏప్రిల్ నుంచి జూన్, సెప్టెంబరు, అక్టోబరు అనువైన నెలలు. లోపల దుకాణాలుండవు. నీళ్లు, తినుబండారాలు, పంక్చరు సామాను వెంట ఉండాల్సిందే. చాలాచోట్ల సెల్‌ఫోన్ పనిచేయదు. వేసవిలో కూడా ఓ పల్చటి కోటు కావాలి. చెట్లకింద చలి, పైన ఎండ. మూడేసి ఆకులతో మెరుస్తూ కనిపించే పొద 'పాయిజన్ ఓక్'. తగిలితే రోజుల తరబడి దురద. దాన్నీ పులిచింతాకులాంటి సారెల్‌నూ కలిపి పొరబడొద్దు. రెండోది నేలను అంటుకుని ఉంటుంది, ఆకు హృదయాకారంలో ఉంటుంది.

సైకిల్ తొక్కలేనివాళ్లు దిగులుపడక్కర్లేదు. కింది రైలు బాట నడకకు మెత్తగా ఉంటుంది. ఓ రెండు కిలోమీటర్లు వెళ్లి, రెడ్‌వుడ్ వలయం ఒకటి చూసుకుని దాని మధ్యలో నిలబడండి. తల్లిచెట్టు ఉన్న చోటది. ఇప్పుడక్కడ ఏమీ ఉండదు. చుట్టూ మాత్రం పిల్లలుంటాయి, మనిషి తలెత్తినా అందనంత ఎత్తున. వెనకనుంచి గంట వినిపిస్తే కాస్త పక్కకు జరగండి. అతను కూడా ఆ అమ్మ ఇంటికి వచ్చిన చుట్టమే.